కంచె అవతల పెట్టిన ముంత

మా తెలుగు సంఘం వాళ్ళు సావనీర్ వేసిన ప్రతిసారీ పాతవాళ్ళ జ్ఞాపకాలు కావాలని ఇంటింటికీ తిరుగుతారు. మా వీధిలోకీ వస్తారు. నా గుమ్మం ముందు నుంచే నడిచి ఎదురింటికి వెళ్తారు. నన్ను అడగరు. ఒకసారి నేనే ఎనిమిది పేజీలు రాసి పట్టుకెళ్ళి ఇచ్చాను. పుస్తకం వచ్చింది. అందులో నా ఫొటో ఉంది. దాని కింద, నేను రబ్బరు ఎస్టేటులో చాలా కాలం కిరాణీగా, అంటే గుమస్తాగా, పనిచేశానని ఒక్క వాక్యం ఉంది. నా ఎనిమిది పేజీలు ఏమయ్యాయని అడిగితే కార్యదర్శి నవ్వి, మాట చివర 'లా' తగిలించే మా మలేషియా యాసలో అన్నాడు.

"కోర్టు సంగతులు ఎందుకు అంకుల్? పండగ పుస్తకం కదా లా!"

ఆ నవ్వు నాకు గుర్తుంది. నేను మరిచిపోయే రకం కాదు. వాళ్ళు అచ్చు వెయ్యనిదే ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

మలయాకి మెర్డెకా వచ్చిన ఏడాది, 1957 సంగతి ఇది. ఆ స్వాతంత్ర్యం ఇంకా మూడు నాలుగు నెలలు ఉందనగా జరిగింది. అప్పటికి కమ్యూనిస్టుల తిరుగుబాటు అణచడానికి తెల్లవాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ నడుస్తూనే ఉంది. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్డు మీద సైన్యం, మధ్యలో మేము. సుంగై పెటానికి తూర్పున కొండల వైపు ఉన్న ఎస్టేట్లలో కూలీల వరస ఇళ్ళ, అంటే లైన్ల, చుట్టూ ముళ్ళకంచె వేశారు. బియ్యం ఎవరూ ఇంట్లో ఉంచుకోకూడదు. అందరికీ ఒకేచోట వండి, అన్నమే కొలిచి ఇచ్చేవారు. గేటు దగ్గర పొద్దున్నే రబ్బరు కోసే వాళ్ళ బకెట్లు, మూటలు తడిమి పంపేవారు. అన్నం మెతుకు కంచె దాటితే అది అడవిలో వాళ్ళకే అని లెక్క.

ఆ ఎండల్లో ఫ్లూ వచ్చింది. ఒక లైనులో సాయంత్రం ఒకడు దగ్గితే మర్నాడు పొద్దుటికి పది గుమ్మాలు తెరుచుకునేవి కావు. హాజరు పుస్తకం నా చేతిలో ఉండేది కాబట్టి నాకు తెలుసు. పేరు పిలిచేవాణ్ణి, జవాబు వచ్చేది కాదు.

సరిగ్గా అప్పుడే నాకు కోర్టు కాగితం వచ్చింది. పెనాంగులో అయితే జ్యూరీ ఉండేది. మా కెడా రాష్ట్రంలో జ్యూరీ లేదు. పెద్ద కేసుల్లో జడ్జి పక్కన ఇద్దరు మామూలు మనుషులు కూర్చోవాలి. వాళ్ళని అసెసర్లు అనేవారు. కేసంతా విని చివర ఒక్కొక్కరు తమ అభిప్రాయం చెప్పాలి. జడ్జి దాన్ని వినవచ్చు, వినకపోవచ్చు. మా వాళ్ళు దాన్ని కూడా జ్యూరీ అనే అనేవారు.

కాగితం చూసి మా దొర, అంటే ఎస్టేటు మేనేజరు, బల్ల మీద పడేశాడు. డాక్టరు చీటీ తెచ్చుకుని మానెయ్యమన్నాడు. జ్వరం లేకుండా చీటీ ఎలా తెస్తానని నేను అడిగాను. "నీ స్నేహితులంతా తెచ్చుకున్నారు, నీకొక్కడికే దొరకదా?" అన్నాడు. నిజమే, తరువాత తెలిసింది, ఆ విడత పిలిచిన వాళ్ళలో చాలామంది చీటీలు పంపారు. నేను పంపలేదు. నా పేరు ఒక ప్రభుత్వ కాగితం మీద మర్యాదగా టైపు అయి రావడం అదే మొదలు.

మా ఆవిడ పెట్టె సర్దుతూ దులిపేసింది.

"ఊరంతా మంచాలెక్కితే మీకొక్కరికే కోర్టు కావాలా? ఎల్లకపోతే ఏటవుద్దండి?"

"జరిమానా వేస్తారు."

"మీరు జరిమానాకి బయపడి ఎల్తన్నారా? కుర్సీ ఏస్తారని ఎల్తన్నారు."

ఆ మాటా మరిచిపోలేదు.

కుర్చీ వేశారు. దాని కాలు ఒకటి పొట్టి. రెండో అసెసరు ఒక తెల్ల ఇంజనీరు. ఆయన కుర్చీకి మెత్త ఉంది. మధ్యాహ్నం విరామంలో ఆయనకి టీ వచ్చింది. బంట్రోతు నన్ను చూసి, "కూజాలో నీళ్ళున్నాయి" అని తమిళంలో అన్నాడు. అలోర్ స్టార్ కోర్టు హాలంతా యూకలిప్టస్ తైలం వాసన. జడ్జి రెండు ముక్కలు మాట్లాడి రుమాలు తీసేవాడు. పిలిచిన సాక్షుల్లో ఇద్దరు జ్వరంతో రాలేదు.

ముద్దాయిని తెచ్చారు. నలభై ఏళ్ళ రబ్బరు కోత పనివాడు, మా పక్క ఎస్టేటు వాడు. నాకు ముఖపరిచయం లేదు. కానీ "దండాలు బాబూ" అన్న తీరులోనే మావాడని తెలిసింది. మా తాతలు ఓడెక్కిన రేవులోనే వీళ్ళూ ఎక్కి ఉంటారు. నేరం ఏమిటంటే, అడవిలో వాళ్ళకి అన్నం పెట్టాడని. రుజువైతే యావజ్జీవం. ఉరి కూడా పడవచ్చని వరండాలో చెప్పుకుంటున్నారు.

కాపలా కానిస్టేబుళ్ళు ఇద్దరు సాక్ష్యం చెప్పారు. గేటు తెరవగానే ఇతను రబ్బరు పాలు పట్టే బకెట్టులో ఏదో దాచి, పైన గోనెపీచు కప్పి బయటికి తెచ్చాడు. వీళ్ళు వెంబడించారు. ఆఖరి రబ్బరు వరస దాటి, అడవి మొదలయ్యే చోట నేల మీద ఒక ముంత పెట్టాడు. అందులో పెరుగన్నం. పెట్టి వెనక్కి తిరిగి నడిచాడు. ఆగమని అరిచారు. ఆగలేదు, పలకలేదు. గాలిలోకి తుపాకీ పేల్చారు. అప్పుడూ తల తిప్పలేదు. గేటు దాకా అలాగే నడిచి వచ్చి దొరికిపోయాడు. పట్టుకున్నాక కూడా నోరు విప్పలేదు.

హాల్లో అందరికీ అది దొంగతనం లాగే కనబడింది. నాకు ముంత అన్న మాట దగ్గరే అదేమిటో అర్థమైంది.

నా ఆరేళ్ళప్పుడు మా లైన్లలో అమ్మవారు పోసింది. మా మేనమామ ఇలాగే ముంత మోశాడు. నాలుగిళ్ళ అన్నం కలిపి, పెరుగు పోసి, పసుపు చల్లి, వేపాకు పెట్టి, అమ్మోరిని ఊరి పొలిమేర దాటించి సాగనంపాలి. మోసేవాడు పలకకూడదు. వెనక్కి చూడకూడదు. చూస్తే ఆవిడ వెంట తిరిగి వచ్చేస్తుంది. ఇంటికొచ్చి నెత్తిన నీళ్ళు పోసుకున్నాకే మాట. ఇళ్ళల్లో పడుకున్నవాళ్ళంతా లేచి తలంటు పోసుకునేదాకా ఆవిడ పేరు ఎత్తకూడదు. పిలిచినట్టవుతుంది. అప్పుడు మా మేనమామని ఎవరూ ఆపలేదు. అప్పుడు కంచె లేదు.

ముద్దాయికి జడ్జే ప్రశ్నలు వేశాడు. తెలుగు దుబాసీ లేడు. తమిళ దుబాసీ ఉన్నాడు. ముద్దాయికి తమిళం వచ్చు, దుబాసీ తప్పు చెప్పలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. రోగం వదలడానికి అన్నం పెట్టానన్నాడు. దేవుడికైతే ఎస్టేటు గుడిలోనే పెట్టవచ్చు కదా అని జడ్జి అడిగాడు.

"లోపలెలాగెడతాను దొరా? లోపల్నించే గదా పంపాలి."

ఇది తెలుగులో, భయంతో వచ్చింది. వెంటనే అదే తమిళంలో చెప్పాడు.

"ఎవరికి పంపావు?"

అతను తల వంచుకున్నాడు.

"పేరు చెప్పు."

"ఆ పేరు నేను సెప్పను దొరా. ఇంటికాడ పిల్లలింకా లెగలేదు."

దుబాసీ మొదటి వాక్యం ఇంగ్లీషులో చెప్పాడు. రెండోదీ చెప్పాడు. కానీ మొదటిదాని తరువాత రెండోది ఎవరూ వినలేదు. ప్రభుత్వ వకీలు కాగితం మీద ఏదో గీత గీసి కూర్చున్నాడు. ఇంజనీరు నా వైపు చూసి కనుబొమలు ఎత్తాడు, అయిపోయింది కదా అన్నట్టు.

నేను లేచాను. పొట్టి కాలు కుర్చీ పెద్ద చప్పుడు చేసింది. అయ్యా, ఇది మా వాళ్ళ ఆచారం, నాకు తెలుసు అన్నాను. జడ్జి రుమాలు అడ్డం తీశాడు. కోపంగా కూడా అనలేదు. నేను సాక్షిని కాదని, నాకు తెలిసింది ఇప్పుడు చెప్పకూడదని, చివర అభిప్రాయం అడుగుతాడని, అప్పటిదాకా కేసు గురించి ఎవరితోనూ, ఏ వకీలుతోనూ మాట్లాడవద్దని చెప్పాడు. కూర్చున్నాను. రూలు రూలే. చివర అడుగుతాడు కదా అనుకున్నాను. ఇప్పటికీ అక్కడే నా బుర్ర ఆగిపోతుంది. ఇంకో నిమిషం నిలబడి ఉంటే ఏం చేసేవాడు? బయటికి గెంటించేవాడు, అంతే కదా. గెంటించేలోపల సగమైనా వినేవాడు.

రెండో రోజు సాయంత్రం వకీళ్ళు ఇంకా వాదిస్తూనే ఉన్నారు. నాకు వీపులో చలి మొదలైంది. బస చేసిన గదిలో మంచం మీద కూర్చుని ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను. ముంత ఎందుకు, పొలిమేర ఎందుకు, ఎందుకు పలకలేదు, ఎందుకు వెనక్కి చూడలేదు, పేరు ఎందుకు చెప్పలేదు. కింద, ఇదే నా అభిప్రాయం, ముద్దాయి నిర్దోషి అని రాసి సంతకం పెట్టాను. అసలు నా జన్మలో అంత మంచి ఇంగ్లీషు మరి రాయలేదు.

మూడో రోజు పొద్దున్న కోర్టు మెట్ల దగ్గర ఆస్పత్రి డ్రెస్సరు ఒకడు వచ్చేవాళ్ళ నుదుళ్ళు చూస్తున్నాడు. నా దగ్గరికొచ్చి చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు.

"లోపలికి పోకూడదు, సార్."

"నేను అసెసర్ని. నా కోసం కోర్టు ఆగుతుంది."

"అందరూ అదే అంటారు. బండెక్కండి."

టీ ఇవ్వని బంట్రోతు తలుపు దగ్గరే ఉన్నాడు. కాగితం చాచాను, జడ్జిగారి చేతికే ఇవ్వాలని మూడుసార్లు చెప్పాను. రుమాలు చేత్తో పట్టుకుని, ఆ కాగితం మూల రెండు వేళ్ళతో అందుకున్నాడు. నా జ్వరం దానికి అంటుకున్నట్టు. కిటికీ గట్టు మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన ఫినాయిల్ డబ్బా పెట్టాడు. బండిలోంచి వెనక్కి తిరిగి చూశాను. డబ్బా కింద ఒక అంచు గాలికి కొట్టుకుంటోంది. ఆ కాగితాన్ని చివరిసారి చూడటం అదే.

ఒక బడిని వార్డుగా మార్చారు. అక్కడ పిల్లల బల్లల మధ్య చాప మీద తొమ్మిది రోజులు పడుకున్నాను. కోర్టుకి వెళ్ళాలని వచ్చిన ప్రతివాడితోనూ చెప్పాను. ఒక నర్సు, "తీర్పు మీరే చెప్పేశారు, పడుకోండి" అనేది. జ్వరంలో రోజూ నిర్దోషి అని వాగేవాడినట. బయటికొచ్చాక మిగతాది మా దొర చెప్పాడు. కోర్టు నా కోసం ఆగలేదు. ఒక అసెసరు పడిపోతే రెండోవాడితో నడపవచ్చట. ఇంజనీరు దోషి అన్నాడు. యావజ్జీవం పడింది.

ఆగస్టు ఆఖర్లో మెర్డెకా వచ్చింది. ఎస్టేటు బడి పిల్లలకి కాగితం జెండాలు పంచారు. రేడియో చుట్టూ అందరం నిలబడి అరిచాం, నేనూ అరిచాను. ఇకమీద అడిగితే మనవాళ్ళే జవాబు చెబుతారనుకున్నాను.

జెండాల రంగు వెలిసిపోకముందే ముద్దాయి భార్య పక్క ఎస్టేటు నుంచి నడిచి మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ లోపలికి రమ్మన్నా గుమ్మంలోనే నిలబడింది.

"బాబూ, ఇక్కడ జైల్లో ఉంచరంట, ఆయన్ని ఓడెక్కించి ఇండియా పంపేస్తారంట. ఆయన నాలుగేళ్ళప్పుడొచ్చినాడు, అక్కడ ఆయనకెవులున్నారు?"

నేను కుర్చీ జరిపాను, ఆమె కూర్చోలేదు.

"పిల్లలు లేసినారు బాబూ. ఇద్దరూ. ముంత దాటింది గదా, అందుకే లేసినారు." తరువాత చాలా మామూలుగా అడిగింది. "జడ్జీ పక్కన మీరు కూకున్నారని సెప్పినారు. మనోళ్ళొకరున్నారని ఆయన ధైర్నంగా ఉన్నాడంట. మీరేటి సెప్పినారు బాబూ?"

కాగితం ఇచ్చానన్నాను.

"జడ్జీ సదివినాడా?"

తెలియదన్నాను. కనుక్కుని చెబుతానన్నాను. ఆమె వెళ్ళాక మా ఆవిడ, "కనుక్కోండి" అంది. కుర్చీ గురించి మరెప్పుడూ ఎత్తలేదు.

అతన్ని పంపేశారు. అక్కడినుంచి ఒక్క ఉత్తరం కూడా రాలేదని ఆమె చెప్పింది. నేను కోర్టుకి రాశాను. జవాబు లేదు. రాష్ట్ర కార్యాలయానికి రాశాను. కౌలాలంపూర్‌కి రాశాను. ఇంగ్లీషులో రాసి, తరువాత మలాయ్‌లో రాయించి పంపాను. ఒకసారి అచ్చు కార్డు వచ్చింది, ఉత్తరం అందింది అని. అలోర్ స్టార్ వెళ్ళి అడిగితే బల్ల వెనక కుర్రగుమస్తా, నా తెల్ల జుట్టు చూసి కాబోలు, మెత్తగా తమిళంలో చెప్పాడు. ఆ జడ్జి ఎప్పుడో వాళ్ళ దేశం పోయాడు, పాత కాగితాలు ఎక్కడున్నాయో తెలియదు, ఎందుకు అంకుల్ ఇంకా అని. బంట్రోతు పేరు ఎవరికీ గుర్తు లేదు. కిటికీ మాత్రం ఉంది. గట్టు మీద చెయ్యి పెట్టి చూశాను.

ఆమె ఇప్పుడు సుంగై పెటానిలోనే కొడుకు దగ్గర ఉంటోంది. కొడుక్కి ఫ్యాక్టరీలో పని. మార్కెట్లో కనబడుతుంది. చాలా ఏళ్ళు, "ఏటైనా తెలిసిందా బాబూ?" అని అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది. చూపు మాత్రం ఒక్క క్షణం నా మీద ఆపుతుంది. అడగడమే నయం.

నాకు క్షమాపణ అక్కర్లేదు. మెత్త కుర్చీ అక్కర్లేదు. ఆ రోజు ఆ కోర్టులో ఉన్న గుమస్తాలు, వకీళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆ ఫైళ్ళు మోసినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, ఒక్కదానికి జవాబు చెప్పండి. కిటికీ గట్టు మీద ఫినాయిల్ డబ్బా కింద పెట్టిన రెండు పేజీలు జడ్జి చేతికి చేరాయా? చేరితే, చదివాడా? చదివి కూడా ఆ శిక్ష వేశాడంటే అదే చెప్పండి, తట్టుకుంటాను. ఎవరూ ముట్టుకోలేదంటే అదీ చెప్పండి. ఆమె బతికుండగా చెప్పండి. నేను ఆమెకి మాటిచ్చాను.