సూది వెయ్యని డాక్టరమ్మ

పుంగనూరులో మా ఇంటి పక్క సందులో ఒక డాక్టరు ఉండేవాడు. బిడ్డకు ఏమయిందో అడక్కముందే సూది తీసేవాడు. అందుకే ఊళ్ళో అందరికీ ఆయనంటే ప్రాణం. మాయత్తయితే దేవుడి తర్వాత ఆయనే అనేది. ఆ సందు మలుపు రాంగానే పిల్లోళ్ళు నేలమీద కూలబడి గోలెత్తేవాళ్ళు. ఎంత గోలెత్తితే అంత బాగా పనిచేస్తాది సూది అని పెద్దోళ్ళ నమ్మకం.

నేను బళ్ళో టీచరమ్మను. మాయన ఉద్యోగం కుప్పంలో. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే బస్సెక్కేవాడు. ఇంట్లో మిగిలేది నేను, మాయత్త, మా నాలుగేళ్ళ పాప. అత్తాకోడళ్ళం ఎవరికెవరం తక్కువ కాదు. చారులో ఉప్పు కాడ నుంచి పాప జడ దాకా దేనికైనా వాదులాడుకుంటాం. కాసేపటికి మళ్ళా ఒకే చేటలో చెనక్కాయలు ఒలుచుకుంటా కూర్చుంటాం. అట్లా హాయిగానే జరిగిపోయేవి దినాలు.

రెండువేల సంవత్సరం దాటినాక ఒక వానాకాలంలో పాపకు జరం పట్టుకునింది. దగ్గు లేదు, జలుబు లేదు, వట్టి కాక. మందేస్తే దిగేది, మళ్ళా కాసేది. మూడో దినం మాయత్త సందులో డాక్టరు కాడికి బయల్దేరింది. మదనపల్లెకు పిల్లల డాక్టరమ్మ ఒకామె కొత్తగా వచ్చిందని మా బళ్ళో చెప్పుకుంటాండారు, ఆడికే పోదామని నేనన్నాను. మాయత్త ఒప్పుకోలేదు. నేనూ మొండిదాన్నే కదా, బిడ్డనెత్తుకోని బస్టాండు దారి పట్టినాను. మాయత్త తిట్టుకుంటానే వెనకాల వచ్చి బస్సెక్కింది. ఎక్కంగానే పాపను నా ఒళ్ళో నుంచి లాక్కోని తన ఒళ్ళో పడుకోబెట్టుకునింది.

ఆమెకు సూది మీద అంత నమ్మకం యాలనో చెప్తాను. మాయనకు ముందు ఆమెకు ఒక కొడుకు ఉండె. అప్పుడు వాళ్ళ కాపురం సోమల పక్కన పల్లెలో. వాడికీ ఇట్లాగే జరమొచ్చింది. మామూలు జరమే, అదే పోతాది అనుకోని తడిగుడ్డ వేసుకుంటా కూర్చునింది. పోలేదు. బండి కట్టించి టౌనుకు తీసుకపోయేసరికి ఆలస్యమయిపోయింది. ముందే తెచ్చి సూదులు వేయించింటే బతికేవాడని ఆ టౌను డాక్టరు అన్నాడంట. ఇంక ఆ మాట పట్టుకోని ఇంట్లోవాళ్ళు, ఊళ్ళోవాళ్ళు, కన్నతల్లికి బిడ్డ ఒళ్ళు చూస్తే తెలీదా అన్నారు. ఈ సంగతి నాకు ఒక్కసారే చెప్పింది, చింతపండులో గింజలు తీసుకుంటా. తల పైకెత్తలేదు. నేనూ మళ్ళా అడగలేదు.

డాక్టరమ్మ నాకంటే చిన్నది. పాప గొంతు, చెవులు చూసింది, పొట్ట నొక్కింది, ఎదురొమ్ము మీద గొట్టం పెట్టి వినింది. వైరస్ జరం మాదిరే ఉండాది గానీ, మూడు దినాలయింది కాబట్టి ఒకసారి నెత్తురు పరీక్ష చేయిద్దామనింది. బాక్టీరియా వల్ల వచ్చిన జరమయితే నెత్తుట్లో సి.ఆర్.పి. అనే పదార్థం గబగబా పెరుగుతాదంట. వైరస్ జరాల్లో చానావరకు అంత పెరగదంట. దాన్నీ, తెల్లకణాలనీ చూసి, బిడ్డ వాలకం గూడా చూసుకోని, బాక్టీరియాను చంపే మందు వెయ్యాల్నా వద్దా అని తేల్చుకుంటారంట.

ల్యాబు ఆ పక్క గదే. ల్యాబాయన చేతికి రబ్బరు కట్టి సూది గుచ్చంగానే మాయత్త ఏడ్చింది, ఆమెను చూసి పాప ఏడ్చింది. పరీక్ష కాంగానే మిగిలిన నెత్తురు మళ్ళా బిడ్డకే ఎక్కించెయ్యప్పా అని మాయత్త ఆయన్ను బతిమాలుకునింది. ఆయన నవ్వలేదు, పాపం. అట్లా కుదరదమ్మా, బిడ్డకు ఒక బన్ను తినిపీండి అన్నాడు. మాకు బేకరీ బన్ను జరమొచ్చినప్పుడే దొరికేది. దాన్ని చూస్తానే పాప ఏడుపాపేసింది.

రిపోర్టు చూసి డాక్టరమ్మ ఇది వైరస్సే అనింది. సూది పన్లేదు, జరం దిగేదానికి సిరప్పు, తాగేదానికి గంజి, మజ్జిగ, నీళ్ళు, అంతే. బిడ్డ మగతగా పడున్నా, ఎగశ్వాస పోతాన్నా, ఉచ్చ పోయకపోయినా క్షణం ఆగకుండా తీసుకరమ్మనింది. ఏమీ లేకపోయినా ఎల్లుండి వచ్చి చూపించమనింది.

మాయత్త ముఖం మాడిపోయింది. నెత్తురు లాగేదానికి సూది ఉండాది, మందు పొడిచేదానికి లేదా అని దారి పొడుగునా నన్ను సాధించింది. దిగినాక ఎస్టీడీ బూతు నుంచి కుప్పానికి ఫోన్ చేసినాను. మాయన, అమ్మ చెప్పినట్టు విను అన్నాడు. ఆ వెంటనే, డాక్టరు చెప్పినట్టు చెయ్ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయి ఫోన్ పెట్టేసినాను.

మర్సనాడు పొద్దున జరం మళ్ళా కాసింది. వంటింట్లో నుంచి వచ్చి చూస్తే మాయత్త పాపను భుజాన వేసుకోని, చెప్పులేసుకోని వాకిట్లో నిలబడుండాది, సందులోకి పోయేదానికి. నేను అడ్డం పోయినాను. ఎప్పుడూ గొంతు పెంచే మనిషి ఆ పొద్దు మెల్లిగా మాట్లాడింది.

"ఇంకో బిడ్డను చూస్తా కూర్చోలేనమ్మా నేను."

"ఉత్తినే కూర్చోలేదత్తా. నెత్తురు చూపించుకోనే వచ్చినాం."

అన్నాను గానీ నాకూ భయమే. కండ్లలో నీళ్ళు తిరిగినాయి. నా మాట నమ్మిందో, నన్ను చూసి జాలిపడిందో, చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఇంక ఆ దినమంతా పాపను నాకు ఇయ్యలేదు. గంజి తనే తాపింది, ఉచ్చ పోసిందా లేదా అని తనే చూసుకునింది, ఊపిరి ఎట్లుండాదో చెవి పెట్టి వినింది. నన్ను బళ్ళోకి గూడా పోనీలేదు. సాయంత్రానికి పాపకు చెమట పట్టింది. మర్సనాడు తెల్లారి లేస్తానే సంగటి కావాలని మారాం చేసింది. మాయత్త సంగటి కెలుకుతా నన్ను చూసి నవ్వింది. అబ్బ, ఆ పొద్దు నా ఆకలి గూడా నాకు తిరిగొచ్చింది.

చెప్పినట్టే మళ్ళా మదనపల్లెకు పోయినాం. పాప బాగుండాదని డాక్టరమ్మ చెప్పినాక నేను లేచినాను. మాయత్త లేవలేదు. ఉన్నట్టుండి తన కొడుకు సంగతి ఎత్తుకునింది. నాకు చెప్పినదానికంటే ఎక్కువే చెప్పింది. బయట జనం కాచుకోనుండారు, అయినా డాక్టరమ్మ అంతా వినింది. ఆఖర్న మాయత్త అడిగింది.

"వాడికీ ఇట్లాగే ఉండె జరం. మీరయితే చూస్తానే కనిపెట్టింటారా అమ్మా?"

"లేదమ్మా. మొదట్లో రెండు రకాలూ పైకి ఒక్కమాదిరే ఉంటాయి. నాకు తెలీకనే కదా మీ పాప నెత్తురు తీయించినాను."

"సదువుకున్న మీకే తెలీదా?"

"తెలీదమ్మా. ఇంక మీకెట్లా తెలుస్తాది?"

మాయత్త కొంగు ముఖానికి అడ్డం పెట్టుకోని చానాసేపు ఏడ్చింది. నాకు ఏం చెయ్యాల్నో తెలీక ఆమె వీపు నిమురుతా నిలబడినాను. నాకూ ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

వచ్చేటప్పుడు బస్సులో మాయత్త పక్కన చౌడేపల్లె ఆమె ఒకామె, టమోటాలమ్మి ఖాళీ గంపతో కూర్చోనుండె. ముఖం తెలీని మనిషి. నాకొక కొడుకుండె అని ఆమెతో మొదలుపెట్టింది మాయత్త. వాడు దూడ తోక పట్టుకోని ఎట్లా పరిగెత్తేవాడో, బెల్లం ఎట్లా దొంగిలించేవాడో నవ్వుకుంటా చెప్పింది. పుంగనూరు వచ్చేదాకా వాడి మాటలే. మాటల మధ్యలో వాడి పేరు గూడా చెప్పింది. ఆ ఇంటికి కోడలినై అన్నేళ్ళయినా, ఆ పేరు నేను వినింది ఆ దినమే.