పట్టుబట్టి తీయించుకున్న నడుము ఫొటో

దయ్యాలనూ తాయెత్తులనూ సోదెలనూ ఊరూరా వాదనలో మట్టి కరిపించిన మనిషిని నేను. అలాంటి నేను ఒక నల్లటి ఫిలిం ముక్క ముందు సాష్టాంగపడ్డాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వండి, మొహమాటం వద్దు. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

రెండువేల ఐదో, ఆరో. కోయిలకుంట్లలో బడిపంతుల్ని. వారమంతా పిల్లలకు లెక్కలు, ఆదివారం పెద్దలకు హేతువాదం. ఆ ఆదివారం వేంపల్లెలో సభ. "మూఢనమ్మకాల బరువు దించుకోండి" అని నేనే అచ్చు వేయించిన కరపత్రాల కట్టను ఎత్తబోయాను. నడుము పట్టేసింది. సగం మూసిన మడతకుర్చీలా నిలబడిపోయాను.

మా అత్తగారు మాతోనే ఉండేది. ఆమె ఎదురుకాళ్లతో పుట్టిందట. అలా పుట్టినవాళ్లు కాలితో తాకితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం.

"మాయమ్మ ఒక్కసారి కాలు ఆనిస్తే పోతాది గదా!" అంది నా భార్య.

"లోకం నమ్మకాలు కడిగే నేను అత్తగారి కాలికింద పడుకోవాలా?"

"నేను మాత్రం తొక్కుతానంటినా నాయనా? అల్లుణ్ణి తన్నిందని ఊరంతా చెప్పుకుంటారు. నాకెందుకా మాట!" అంది అత్తగారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

సభ వాయిదా వేసి కర్నూలులో ఎముకల డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన కాళ్లు పైకెత్తించాడు, మోకాళ్ల మీద చిన్న సుత్తితో కొట్టాడు.

"కాళ్లు తిమ్మిరెక్కుతాండాయా? జ్వరం? ఒంటికి, రెంటికి ఇబ్బందా?"

"ఏమీ లేవు."

"అయితే భయం లేదప్పా. మాత్రలు నాలుగు రోజులు వేసుకో. పండుకోకుండా నడువు. కొన్ని వారాల్లో అదే పోతాది."

"మరి ఎమ్మారై స్కానింగు?"

"అక్కర్లేదు."

నేను లేవలేకపోయినా నాలోని ఉపన్యాసకుడు లేచాడు. "రుజువు చూడకుండా తీర్పు చెబుతారా సార్? ఇది సైన్సేనా?"

"రుజువు నువ్వే గదప్పా, ఎదురుగా పండుకోనుండావు."

"నాకు లోపలి ఫొటో కావాలి!"

"ఫొటో మీద అంత మోజుంటే స్టూడియోకు పో."

నేను కదల్లేదు. బయట రోగులు గొణిగారు. చివరికి ఆయన విసుగెత్తి చీటీ రాశాడు. "తీయించుకో. చూసి బెదరొద్దు మళ్లా."

ఆ గొట్టంలో పడుకుంటే చెవిపక్కన బోరు వేస్తున్నట్టు ఒకటే మోత. మా సీమలో బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదోగానీ, నాకు మాత్రం పడింది: రెండుచోట్ల డిస్కు ఉబ్బింది, అరిగింది అని రిపోర్టు. పొద్దున బస్సు కిటికీ పక్కన కూర్చుని వేరుశనగలు తింటూ వచ్చినవాణ్ణి, సాయంత్రం వెనకసీటు మీద అడ్డంగా పడుకుని తిరిగొచ్చాను.

"కాస్త జరగప్పా," అన్నాడొక పెద్దాయన.

"డిస్కు ఉబ్బింది."

"ఉబ్బితే నీకొక్కనికే బస్సా?"

ఆ ఫిలింను పట్టుతువ్వాలులో చుట్టి బీరువా మీద ఉంచాను. చూడవచ్చినవాళ్లు చేతులు కడుక్కుంటే తప్ప తాకనివ్వలేదు. కిటికీ వెలుగులో పట్టుకుని వ్యాఖ్యానం చెప్పేవాణ్ణి.

"దీనికి దండం ఎట్ల పెట్టేది నాయనా, నిలబడా, కూర్చోనా?" అని అడిగింది అత్తగారు.

ఇరవై రోజులు వంగలేదు. కిందపడిన సబ్బు కిందే. చెప్పుల పట్టీలు భార్యే పెట్టాలి. నొప్పి తగ్గినట్టుందే అనిపించగానే ఫిలిం తీసి చూసేవాణ్ణి. ఉబ్బు అక్కడే ఉండేది. నొప్పి మర్యాదగా తిరిగొచ్చేది. ఇక ఆపరేషనే అన్నాను.

"అంత పెద్ద డాక్టరే భయం లేదంటాంటే కోయించుకుంటావా? రేపు మంచాన పడితే మేమేం కావల్ల?" అని నా భార్య ఏడ్చింది. ఏడుపు వాదన కాదని కొట్టిపారేసి మళ్లీ కర్నూలు బస్సెక్కాను.

"కోసేయండి సార్," అని ఫిలిం బల్లమీద పెట్టాను.

డాక్టరు మళ్లీ కాళ్లెత్తించాడు, మళ్లీ సుత్తితో కొట్టాడు. సొరుగులోంచి ఇంకో ఫిలిం తీసి వెలుగుపెట్టె మీద తగిలించాడు. "ఈయనకేం చేయమంటావో చెప్పు. నువ్విప్పుడు శానా చదివినావు గదా."

చూశాను. మూడుచోట్ల ఉబ్బు! నాకంటే ఒకటి ఎక్కువ. గుండె తరుక్కుపోయింది. "పాపం, మంచం దిగుతున్నాడా సార్? ఆలస్యం చేయకుండా కోసేయాలి."

"దిగుతాండాడు. పొద్దున్నే గంటసేపు షటిలాడి వచ్చినాడు. ఫొటో నాదేనప్పా! కొత్త మిషను వచ్చినప్పుడు, ఎట్ల పనిచేస్తాదో చూద్దామని పండుకున్న్యా. నాకు నడుము నొప్పి ఏనాడూ లేదు. తలకు నెరిసిన వెంట్రుకల్లాగ, వయసుకొద్దీ లోపల ఇట్లాంటివి శానామందికి ఉంటాయి. నేను వైద్యం చేసేది మనిషికి, బొమ్మకు కాదు."

అంత చెప్పి ఆయన చెయ్యి విసిరేసరికి బల్లమీది పెన్ను కిందపడింది. తీసుకోబోయాడు. నాకు ప్రాణం ఒప్పలేదు.

"వద్దు సార్! మూడుచోట్ల ఉబ్బు పెట్టుకుని మీరు వంగకూడదు!" అంటూ ఒక్క దూకున వంగి, పెన్ను తీసి ఆయన చేతిలో పెట్టాను.

డాక్టరు పెన్ను వంక చూశాడు, నా వంక చూశాడు. "ఏమప్పా మాస్టరూ, కోద్దామా?"

కాబట్టి పాఠకమహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: డాక్టరు అక్కర్లేదన్న ఫొటో కోసం ఈ జన్మలో పట్టుబట్టను. హేతువాదికి ఉన్నది ఈ ఒక్క జన్మే కనుక, ఇందులో మినహాయింపు లేదు. ఒకవేళ తీయించుకోక తప్పకపోయినా, నాకు నొప్పి ఉందా లేదా అని మాత్రం దాన్ని అడగను.