పట్టాల కింది దారిలో

నేను నలుగురిలో నోరు విప్పే మనిషిని కాను. అబద్ధం అల్లాలంటే దానికీ కొంత ధైర్యం కావాలి... అది నాకు లేదు. కాబట్టి నమ్మండి. ఇది నాకు జరిగింది. మర్నాడు తెల్లవారుతూనే డైరీలో రాసుకున్నాను. ఆ పేజీలో అక్షరాలు ఇప్పటికీ వంకరటింకరగానే ఉన్నాయి.

బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజులవి. జగదల్‌పూర్‌లో మాకు బట్టల కొట్టుండేది. మా ఊరికి రైలు లేదు; చాలా దూరం బస్సులో వెళ్ళి రైలెక్కాలి. మేనత్తకు కళ్ళ ఆపరేషన్ చేయించడానికి నాన్నా, నేనూ ఆమెను ఒక పెద్ద పట్నం తీసుకువెళ్ళాం. ఆ పట్నం పేరు రాయను. రోజూ ఆ స్టేషన్లో ఎక్కి దిగేవాళ్ళను భయపెట్టడం ఎందుకు?

తిరుగు ప్రయాణం రాత్రి రైలుకు. అత్త రెండు కళ్ళకూ కట్టు. డాక్టరు గట్టిగా చెప్పాడు... కింద పడితే చూపు దక్కదు. ఏడ్చినా ప్రమాదమే.

మేమున్నది మొదటి ప్లాట్‌ఫారం మీద. మా రైలు మూడోదాని మీద. పట్టాల కింది నుంచి దారి. ఇరవై రెండు మెట్లు దిగాలి. కింద పొడవాటి సొరంగం. గోడలకు తెల్ల పెంకులు, ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి. పైన ఇనుప బుట్టల్లో కరెంటు దీపాలు. గోడవారన సన్నటి మురుగుకాలువ. ఎడమ చేతి వైపు రెండు ద్వారాలు... మొదటి దాని మెట్లు రెండో ప్లాట్‌ఫారానికి, చివరి దాని మెట్లు మూడోదానికి. వచ్చిన రోజు ఆ దారి చూసి ముచ్చటపడి డైరీలో బొమ్మ కూడా గీసుకున్నాను.

"నేను ముందువోయి జాగ పట్టుకుంట," అన్నాడు నాన్న, పెట్టె ఎత్తుకుంటూ. "పరుపుచుట్టకు కూలీని పిలుసుకో. నువ్వు అత్త చెయ్యి ఇడువకు."

కూలీని పిలవలేదు. హిందీ వచ్చు... కానీ కొత్త మగవాళ్ళను పిలవాలంటే నా గొంతు పెగలదు. పరుపుచుట్టను నేనే రెండు చేతులతో భుజానికెత్తుకున్నాను. నా పైట కొంగు అత్త చేతికిచ్చాను.

"పరుపుకు రెండు చేతులు, అత్తకు ఒక్క కొంగా? మంచిగుంది బిడ్డా నీ మర్యాద!" అత్త నవ్వింది. "ఏం గాదు. మన భోపాలపట్నం తోవ అనుకో. నువ్వు ఊ అను, నేను ఊ అంట."

అది మా అలవాటు. అడవి దారిలో చీకట్లో ఒకరి వెనక ఒకరు నడుస్తాం. పేరు పెట్టి పిలవం, పులి వింటుందని. ముందువాళ్ళు "ఊ?" అంటే వెనకవాళ్ళు "ఊ" అనాలి. వెనక్కి తిరగకూడదు. అంతే.

మెట్లు దిగాం. కింద ఎవరూ లేరు. అత్త చెప్పులు టపటపమంటున్నాయి.

"ఊ?"

"ఊ!"

అప్పుడే నెత్తి మీదుగా ఒక రైలు వచ్చింది. సొరంగం మొత్తం వణికింది. పెంకులు గలగలలాడాయి. దీపాలు ఒక్కసారి రెపరెపలాడి... ఆరిపోయాయి.

నిలబడిపోయాను. చెవుల్లో హోరు. రైలు పోయింది. కాలువలో నీళ్ళ చప్పుడు మిగిలింది.

"ఊ?"

...

"ఊ."

కొంచెం ఆలస్యంగా వచ్చింది. కానీ వచ్చింది. కొంగు బిగువుగానే ఉంది. గోడకు మోచెయ్యి ఆనించుకుంటూ నడిచాను. ఎడమ పక్క చల్లగాలి తగిలింది. మొదటి ద్వారం. దాటేశాం.

"ఊ?"

"ఊ."

అప్పుడు విన్నాను... చెప్పుల చప్పుడు లేదు. తడి నేల మీద ఉత్త పాదాలు. చప్... చప్... చెప్పులు విడిచిందేమో అనుకున్నాను. అనుకునే నడిచాను. చివరి మెట్లు ఎక్కి వెలుతురులోకి వచ్చాను.

ఎదురుగా నాన్న. "అత్త ఏదే?"

వెనక్కి తిరిగాను. నా కొంగు మెట్ల మీద వేలాడుతోంది. కొస పిండితే నీళ్ళు కారేంత తడిగా ఉంది. ఎవరూ లేరు.

పరుపుచుట్ట పడేసి కిందికి పరిగెత్తాను. దీపాలు వెలిగే ఉన్నాయి. మొదటి ద్వారానికి అవతల, మేము దిగిన మెట్ల వైపే, కాలువ అంచున, అత్త నిలబడి ఉంది. కాళ్ళకు చెప్పులున్నాయి. కుడిచెయ్యి పక్కకు చాచి ఉంది... వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి.

"ఏందే ఇది?" ఆ పక్కకే తిరిగి కసురుతోంది. "రైలు మోతల కొంగు జారిందంటే చెయ్యి పట్టుకుంటివి, మంచిదే. ఊ అనవు, ఆ అనవు, కదలవు, నన్ను కదలనియ్యవు! మెల్లగ పట్టుకో, ఎముకలు ఇరుగుతయి."

నేను ఆమెకు ఇటు పక్క, ఐదడుగుల దూరంలో ఉన్నాను.

"అత్తమ్మా... నేను ఇటున్న."

కట్టున్న ముఖం నెమ్మదిగా నా వైపు తిరిగింది. నోరు తెరిచే ఉంది. చెయ్యి మాత్రం అక్కడే. తర్వాత... ఒక్కొక్క వేలే విడింది. ఆమె విప్పినట్టు లేదు. ఎవరో విడిపించుకున్నట్టు ఉంది.

అత్త గడ్డం వణికింది. "ఏడ్వను బిడ్డా," అంది గుసగుసగా. "కండ్లు వోతయి. పోదాం పద."

రెండు చేతులతో ఆమెను పట్టుకుని నడిపించాను. రైలు అందింది.

దారంతా నాన్న నచ్చజెప్పాడు. "ఎవరో ఆడకూలీ చీకట్ల సాయం పట్టుంటది. నువ్విన్నది నీ గొంతే, సొరంగంల తిరిగొచ్చింది." కావచ్చు. కానీ నేను "ఊ?" అని అడిగాను. వచ్చింది అడిగినట్టు లేదు... జవాబిచ్చినట్టు ఉంది.

జగదల్‌పూర్ చేరాక కొన్నాళ్ళకు కట్టు విప్పారు. చూపు దక్కింది. ఇంట్లో అందరూ చుట్టూ నిలబడ్డారు. అత్త ఎవరినీ చూడలేదు. నా చెయ్యి లాక్కుని, తన అరచేతికి ఆనించి చాలాసేపు చూసింది.

"ఇంత చిన్నదా నీ చెయ్యి?" అంది.

అందరూ వెళ్ళాక దగ్గరికి పిలిచి అడిగింది. "నన్ను ఆపినదేందో ఆపింది, పడకుండ ఉన్న. మరి నిన్ను అంత దూరం నడిపించుకవోయినదేందే?"

తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. ఆ రెండూ ఒకటేనేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది... ఆ ఆలోచన వచ్చిన రాత్రి మాత్రం దీపం ఆర్పను.