అల్లుని కుర్చీ

కార్తీక సోమవారం పొద్దున తులసికోట దగ్గర దీపం పెట్టి లేవబోతుంటే ఫోన్ మోగింది. జనగామ నుంచి మా పెద్ద సిస్టరమ్మ తమ్ముని కూతురు. "అత్తమ్మ పోయింది ఆంటీ" అన్నది. ఇంకేమీ చెప్పలేక ఏడ్చింది. నేను మళ్ళీ తులసికోట దగ్గరే కూర్చుండిపోయాను.

తర్వాత మా దవాఖానలో సంతాప సభ పెట్టారు. ఫోటోకు దండ వేసి తలా రెండు మాటలు మాట్లాడారు. "అక్కా, ఆమెతోని ఎక్కువున్నది నువ్వే, నువ్వు చెప్పు" అని నన్ను నిలబెట్టారు. నాది మొదటినుంచీ చిన్న గొంతు. ఫోటోకు దండం పెట్టి కూర్చున్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మాటలన్నీ వచ్చాయి. పదో తరగతి తర్వాత ఉత్తరం కూడా రాయని నేను ఇప్పుడు కలం పట్టడానికి అదే కారణం. ఆ మాటలు మళ్ళీ పోతాయేమోనని భయం.

మాది కొత్తగూడ అడవి వైపున్న ఒక చిన్న సర్కారు దవాఖాన. నేను అక్కడ ఆయాను, ఆమె హెడ్ నర్సు. ఆమె సొంతూరు కొడకండ్ల దిక్కు. పెళ్ళి చేసుకోలేదు. దవాఖాన వెనుక క్వార్టర్‌లో ఒక్కరే ఉండేవారు.

ఆమె వచ్చేనాటికి మా దగ్గర ఒక్కటే పద్ధతి, ముందు వచ్చినవాళ్ళు ముందు. మనిషి నిలబడలేకపోతే చెప్పులు నిలబడేవి. వరండా గోడ పొడుగునా చెప్పులు, నీళ్ళ సీసాలు, తువ్వాళ్ళు వరుసగా ఉండేవి. జ్వరంతో తూలే మనిషి ఆఖరున, కట్టు మార్పించుకోవడానికి వచ్చిన మనిషి మొదట. ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళకు చెప్పుల అవసరమూ లేదు, నేరుగా డాక్టరు గారి గదిలోకే వెళ్ళేవారు.

అప్పుడు పైనుంచి కొత్త పద్ధతి వచ్చింది. వచ్చిన ప్రతి మనిషినీ ముందు నర్సు చూడాలి. నాడి, ఊపిరి, బీపీ చూసి ఎవరు ఆగగలరో, ఎవరు ఆగలేరో తేల్చాలి. ఆగలేనివాళ్ళకు ఎర్ర కుర్చీ, కొంచెం ఆగగలిగితే పసుపు కుర్చీ, మిగతావాళ్ళకు ఆకుపచ్చ బెంచీ. సిస్టరమ్మ, చిన్న సిస్టరు శిక్షణకు వెళ్ళి వచ్చారు. చిన్న సిస్టరు మొహం వాడిపోయింది.

"ఆగుమన్నోళ్ళకు ఏమన్న అయితే మన మీదికే వస్తది గదా సిస్టరమ్మా. మనమేమన్న డాక్టర్లమా?"

"భయపడు. భయపడితేనే మంచిగ చూస్తవ్" అన్నారు సిస్టరమ్మ.

మందులిచ్చే ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇగ చెప్పులకు గూడ బీపీ చూస్తరా ఏంది?" అని నవ్వాడు.

"చూస్తం. నీ చెప్పులు గూడ తే, ఎంత కొవ్వున్నదో చూద్దాం" అన్నారామె.

నా పని తలుపు దగ్గర. చెప్పులు వరుసలో పెట్టవద్దనీ, ముందు సిస్టరమ్మ దగ్గరికి వెళ్ళాలనీ చెప్పాలి. నా మాట ఎవరి చెవినా పడేది కాదు. ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆమె నా భుజం తట్టి, "నీ గొంతు మంచిదే చెల్లె. నువ్వేమంటున్నవో వినాలంటే వాళ్ళే నోర్లు మూసుకోవాలె" అన్నారు. కొన్నాళ్ళకు నిజంగానే అట్లా అయింది.

మనిషిని ముట్టుకునే ముందు ఆమె రెండు చేతులూ రుద్దుకుని వేడి చేసుకునేవారు. ఏం రోగమని అడిగేవారు కాదు. "పొద్దుగాల ఏం తిన్నవ్?" అనేవారు. ఆ జవాబు చెప్పేలోపల మనిషి ఊపిరి, మాట, చూపు అన్నీ ఆమెకు తెలిసిపోయేవి. ఎవరైనా పెద్దగా అరుస్తుంటే నేను ఆ వైపు పరుగెత్తేదాన్ని. "ఒర్రెటోని ఊపిరి మంచిగనే ఉన్నది. ఒర్రనోని దిక్కు చూడు" అని నన్ను ఆపేవారు.

మేం అనుకోని చిక్కు ఒకటి వచ్చిపడింది. మొదట్లో ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టి మహబూబాబాద్ పంపిన ఒక పెద్దాయన అక్కడే చనిపోయారు. అంతే, ఎర్ర కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ ఇల్లు చేరడని ఊళ్ళన్నీ పాకిపోయింది. జనం జబ్బు దాచడం మొదలుపెట్టారు. ఆయాసపడుతూనే "నడిచొచ్చిన గదా, గందుకే" అనేవారు. గుండెల్లో నొప్పి అయినా "తొక్కు తిన్న, మంట" అనేవారు. ఎప్పుడూ అందరినీ తోసుకుని లోపలికి పోయే ఒక పెద్ద రైతు కూడా ఆకుపచ్చ బెంచీ చివరన ఒదిగి కూర్చుని, "నాకేం తొందర లేదు సిస్టరమ్మా, పాపం వాళ్ళను చూడుండ్రి" అన్నాడు.

"ఇన్నేండ్లకు ఈయనకు దయ పుట్టింది చూసినవా" అని సిస్టరమ్మ నా చెవిలో అన్నారు.

నవ్వుకున్నామే గానీ, ఆమెకు ఆ రోజుల్లో అన్నం సరిగా సయించలేదు. "చెప్పుల వరుసనే నయముండె చెల్లె. గప్పుడు ఎవ్వరు అబద్ధమాడలె" అన్నారొకసారి. దాచిన జబ్బును చూడలేక ఎవరినైనా ఆగమంటే, ఆ మనిషి బెంచీ మీదే పోతే? ఆమె బెంగంతా అదే.

ఎండాకాలం మొదట్లో పోడు చేసుకునే ఒక గూడెం నుంచి ఒక అవ్వ కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. కాళ్ళు గుంజుతున్నాయి, గోలీలు ఇస్తే చాలు అన్నది. ఆ మాటైనా ఒక్క ఊపిరిలో చెప్పలేకపోయింది. పాదాలు ఉబ్బి ఉన్నాయి, పెదవులు నల్లబడ్డాయి. సిస్టరమ్మ నాడి పట్టుకుని ఎర్ర కుర్చీ వైపు చూశారో లేదో, అవ్వ చేయి లాగేసుకుంది.

"నేను సావనీకి రాలే బిడ్డా."

కోడలు ఎంత ఆపినా ఆగకుండా గోడ పట్టుకుని మెట్లు దిగింది. "పోతమంటే ఏం చేస్తం సిస్టరమ్మా, సంతకం తీసుకుందాం" అన్నది చిన్న సిస్టరు. సిస్టరమ్మ అప్పటికే చెప్పులు లేకుండా ఎండలోకి వెళ్ళారు. నేను చక్రాల కుర్చీ తోసుకుంటూ వెనకే పోయాను.

అవ్వ ఆటో కడ్డీ పట్టుకుని ఉంది, ఎక్కడానికి కాలు లేవడం లేదు. సిస్టరమ్మ ఆమె వీపు మీద చేయి వేసి, తొందరేమీ లేనట్టు అడిగారు.

"అవ్వా, మీ ఇంటికి అల్లుడొస్తే ముందుగాల ఎవలికి పెడ్తవ్?"

అవ్వ వింతగా చూసింది. "అల్లునికే... ఇంకెవలికి."

"కోడిని కోసి?"

"కోసే."

"మరి ఇంటోళ్ళు?"

"ఎనుక... తింటం."

"ముందుగాల పెడితే అల్లుడు సస్తడా?"

"థూ! గదేం మాట!"

"గా కుర్చీ గూడ గంతే. ముందుగాల చూసుకోవాల్సినోళ్ళను కూసోబెట్టే కుర్చీ. ఇయ్యాల మా ఇంటికి నువ్వే అల్లునివి. అలుగకు, రా."

ఊపిరి అందకపోయినా అవ్వ నవ్వింది. "మీసాల్లేని... అల్లున్నా?"

"మీసాలెందుకే. అలుగుడు నేర్చినవ్ గదా, సాలు."

అవ్వ కుర్చీలో కూర్చుంది. యాదగిరి నరసన్నను తలుచుకుంటూ నేను కళ్ళు మూసుకోబోయాను. "దండం ఎనుక పెట్టుకుందువు గానీ చెల్లె, ముందుగాల చక్రం కింద రాయి చూడు" అన్నారామె.

ఆక్సిజన్ పెట్టారు, డాక్టరు గారు పరుగున వచ్చి సూది వేయించారు, 108 వచ్చింది. ఆ ఆటోలో ఇంటికి పోయి ఉంటే అవ్వ గూడెం చేరేది కాదని డాక్టరు గారు తర్వాత చెప్పారు.

తునికి పండ్లు మాగే నాటికి అవ్వ తిరిగి వచ్చింది. కొంగులో పండ్లు మూటకట్టుకుని తలుపు దగ్గర నన్ను చూసి, "అల్లుడొచ్చిండని చెప్పు పో" అన్నది. అవ్వను ప్రాణంతో చూసిన గూడెం వాళ్ళే ఆ మాటను ఊరూరికీ మోశారు. కుర్చీ అదే, రంగు అదే. దాని పేరు మాత్రం అల్లుని కుర్చీ అయింది. జబ్బు దాచడం తగ్గింది. డాక్టరు గారు కూడా గదిలోంచి "అల్లుడెవరన్న ఉన్నరా సిస్టర్?" అని కేకేసేవారు. ఒకసారి భూపాలపల్లి వైపు దవాఖానల నుంచి కొందరు నర్సులు మా పద్ధతి చూడటానికి వచ్చారు. వాళ్ళ ముందే ఒక ముసలాయన బీపీ చూపించుకుని, "మల్ల ఆకుపచ్చనేనా? నేనెప్పుడు అల్లున్నైత సిస్టరమ్మా?" అని అలిగాడు. "నీకు గా రాత లేదు బాపూ, నూరేండ్లు గా బెంచీనే" అన్నారామె. వచ్చిన నర్సులకు అసలు సంగతి చెప్పమంటే మాత్రం సిగ్గుపడి నా వెనక్కి జరిగారు.

రిటైరయ్యాక ఆమె జనగామలో తమ్ముని ఇంటికి వెళ్ళిపోయారు. గురువారం గురువారం ఫోన్ చేసుకునేవాళ్ళం. గొంతు వినబడుతున్నా మనిషి లేని లోటు తీరదని నాకు అప్పుడే తెలిసింది. పోయిన ఎండాకాలం చూడటానికి వెళ్ళాను. మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. నన్ను చూడగానే "పొద్దుగాల ఏం తిన్నవ్?" అన్నారు. తర్వాత చిన్న సిస్టరు సంగతి అడిగారు.

"ఇంక... భయపడుతున్నదా?"

"భయపడుతున్నది సిస్టరమ్మా."

"గట్లనే... ఉండనీ."

రెండు మాటలకొకసారి ఆగుతున్నారు. దుప్పటి అంచు కింద పాదాలు ఉబ్బి కనిపించాయి. ఆమె దగ్గర ఇన్నేళ్ళు నిలబడినదాన్ని, నాకు అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది? ఆమె నా మొహమే చూస్తున్నారు.

"చూసినవ్ గదా. పెద్ద డాక్టరు గూడ... గదే చెప్పిండు. ఇంట్ల పిల్లకు చెప్పకు, పరీక్షలున్నయ్. ఛాయ్ తాగి పో."

ఆ ఛాయ్ ఎట్లా తాగానో నాకు గుర్తులేదు. చెప్పవద్దన్న మాట నిలుపుకున్నాను. ఇప్పుడు ఆ పిల్లే ఇది చదువుతుంది. తల్లీ, మీ అత్తమ్మ దాచినది నీ పరీక్షల కోసమే. నామీద కోపం పెట్టుకోకు.

నువ్వు కాక ఇది చదివేవాళ్ళు మా దవాఖానలో ఆమెతో పనిచేసినవాళ్ళే అయి ఉంటారు. చదివాక దాచిపెట్టుకోండి. నలుగురికీ చూపించవద్దు. తన గురించి ఎవరైనా గొప్పగా మాట్లాడితే ఆమె అక్కడ నిలబడేవారు కాదు.

నాకు ఇప్పటికీ కళ్ళముందు కనబడేది ఒక్కటే. 108లో ఎవరినైనా పంపిన ప్రతిసారీ ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే గేటు దాకా నడిచి వెళ్ళేవారు. బండి మలుపు తిరిగేది, మోత ఆగిపోయేది, దుమ్ము కూడా అణిగేది. వెనక వరండాలో జనం "సిస్టరమ్మా" అని పిలిచేవారు. "వస్తున్న" అనేవారు, తిరిగి చూడకుండానే. ఆమె లోపలికి వచ్చాక నేను గేటు వెయ్యడానికి వెళ్తే, ఇనుప కడ్డీ మీద తడి వేళ్ళ అచ్చులు ఎండకు ఒక్కొక్కటిగా ఆరిపోతూ ఉండేవి.