మా నాన్నకు కాపలా ఉన్న చలికాలం

నా చిన్నప్పుడు, రంగూన్‌లో ఒక చలికాలమంతా మా అమ్మ నాకు ఒకే ఒక పని అప్పగించింది: మా నాన్న ఎటు వెళితే అటు వెళ్లడం. ఎందుకు వెళ్లాలో చెప్పలేదు. "నాన ఎటెల్తే అటెల్లు. అడిగితే ఆడుకోడానికొచ్చానని సెప్పు. కంటికి కానరాకుండా మాత్రం పోనీకు," అన్నది. కారణం చెప్పకుండా అప్పగించిన పని పసిమనసుకు ఎంత త్వరగా భయం నేర్పుతుందో అప్పుడే తెలిసింది నాకు.

ఈ సంగతిని మా బంధువులు ఇప్పటికీ పెళ్లి పందిళ్లలో చెప్పుకుంటారు. మా నాన్న పెద్ద చేపను పట్టి బాగుపడ్డాడంటూ నవ్వుతారు. విని విని నాకు ఒళ్లు మండుతోంది. చేపలు పట్టినంత మాత్రాన మనుషులు బాగుపడరు. ఏనాటి సంగతులు ఆనాడు రాసిపెట్టుకునే అలవాటున్న దాన్ని కనుక, జరిగింది జరిగిన వరుసలో ఇక్కడ రాస్తున్నాను. ఇకమీదట చెప్పేవారు ఇలా చెబితే సంతోషిస్తాను.

యూరప్ యుద్ధం ముగిసి కొన్నేళ్లయిన రోజులవి. మేము పజుండౌంగ్‌లో, కాలువకు దగ్గరగా ఉన్న ఒక సందులో ఉండేవాళ్లం. మా నాన్న భీమిలి వైపు సముద్రపు ఒడ్డున, చేపలు పట్టే ఇంట పుట్టి పెరిగినవాడు. పెళ్లయ్యాక ఓడెక్కి వచ్చి రేవులో కూలీగా కుదిరాడు. బియ్యం బస్తాలను ఓడలోకి దించుతుండగా ఒకనాడు గొలుసు జారి, బస్తాల మోపు ఆయన కుడి భుజం మీద పడింది. ప్రాణం దక్కింది. చెయ్యి మాత్రం భుజం నుంచి కిందికి తడి గుడ్డలా వేలాడిపోయింది.

ఆయన ఇంకా మంచం మీద ఉండగానే కూలీల మేస్త్రీ మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "రేవులో సేతులకి కరువు లేదు. నీ సోటులో ఇంకొకడ్ని ఎట్టేసాను," అని చెప్పి వెళ్లిపోయాడు. మూలుగుతున్న మనిషి ముఖం వైపైనా చూడలేదు. ఆ మాట తలచుకుంటే ఈ వయసులోనూ నా పళ్లు బిగుసుకుంటాయి. మేస్త్రీ తరువాత బంధువులు వచ్చారు. వాళ్లు మరీ అన్యాయం. మంచం చుట్టూ కూర్చుని, ఆయన అక్కడ లేనట్టే "పాపం, ఇంకేటి సేస్తాడు" అని ఒకరితో ఒకరు చెప్పుకునేవారు. మేస్త్రీ ఆయన పని తీసుకుపోయాడు. మిగిలిన మనిషిని వీళ్లు ఆ జాలితో తీసుకుపోయారు.

లేచి తిరగగలిగాక మా నాన్న మాట్లాడటం మానేశాడు. కంచంలో అన్నం కలిపి, కలిపినది కలిపినట్టే వదిలేసేవాడు. తెల్లవారగానే కాలువ గట్టుకు వెళ్లి, నీళ్లు బాగా లోతుగా ఉన్నచోట మెట్టు మీద కూర్చునేవాడు. పడవలు వచ్చినా పోయినా తల తిప్పేవాడు కాదు. నేను కొంచెం దూరంలో గచ్చకాయలు ఆడుతున్నట్టు నటిస్తూ ఆయన వీపు వైపే చూసేదాన్ని. ఒకనాడు ఆయన ఒక మెట్టు దిగి పాదాలు నీళ్లలో పెట్టాడు. ఇంకొక మెట్టు దిగాడు. నా చేతిలోని గచ్చకాయలు జారి గట్టు మీద గలగలమన్నాయి. ఆయన వెనక్కి చూసి, మెల్లగా పైకి వచ్చేశాడు. మా అమ్మ నన్ను ఎందుకు పంపుతున్నదో నాకు ఆ క్షణంలో అర్థమైంది. ఆ రోజు నుంచి నాకూ అన్నం సహించలేదు.

మా ఎదురింట్లో ఒక బర్మా పెద్దాయన ఉండేవాడు. సందులో అందరూ ఆయనను ఊజీ అని పిలిచేవారు. బర్మా మాటల్లో పెదనాన్న అని అర్థం. కాలువ మీద మనుషులను దాటించే చిన్న పడవ ఆయనది. మా వాళ్ల మధ్య ఏళ్ల తరబడి ఉన్నందున ఆయన మాట్లాడేది అచ్చంగా మా రేవు తెలుగే. ప్రతి చలికాలం తామ్వేకు ఆవల ఉన్న పెద్ద చెరువులో ఒక భారీ వాలుగ చేపను పట్టి, దాన్ని సందు ఈ కొస నుంచి ఆ కొసకు ఊరేగించడం ఆయన సరదా. "పట్టిన పాపం నాది, కూర మీది," అని ఇంటింటికీ ముక్కలు పంచేవాడు.

ఆయన ఒక సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. ఎలా ఉందని గానీ, చెయ్యి కదులుతున్నదా అని గానీ అడగలేదు.

"ఈ ఏడు నా కళ్లు మసకేసినాయి, తమ్ముడూ. దారం నీళ్లలో ఎటెల్తందో కానరాదు. రేపు నాతో రావాల," అన్నాడు.

"నాకు సెయ్యి లేదు గదా, ఊజీ," అన్నాడు మా నాన్న. ఎన్నాళ్లకో విన్న గొంతు అది.

"సెయ్యి ఎవడడిగాడు? నేను కళ్లడిగాను."

ఊజీ కదలలేదు. చివరికి మా నాన్న తల ఊపాక, ఊజీ నా వైపు తిరిగి, "పడవ ముందు కొస తేలికైపోతాది. బరువుకి ఈ తమీని కూడా ఎక్కిద్దాం," అన్నాడు. బర్మా మాటల్లో తమీ అంటే కూతురు. నేను బరువుకు పనికివచ్చే పిల్లను కాను, పుల్లలా ఉండేదాన్ని. ఇక ఆయన కళ్ల విషయం. అంతకు ముందురోజే మా అమ్మ అరుగు మీద బియ్యం ఏరుతుంటే, ఆయన సందు అవతల నుంచి "అదిగో, ఒక రాయి ఒగ్గేసావు" అని చూపించాడు. ఆ సంగతి నాకు గుర్తుంది. కానీ మా అమ్మ నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

తెల్లవారుజామున చెరువు మీద పొగమంచు ఎంత దట్టంగా ఉన్నదంటే, పడవ ఒడ్డు విడిచిన కాసేపటికే ఒడ్డు మాయమైంది. మా అమ్మ ఇంటి దగ్గరే నాకు శాలువా చుట్టి పంపింది, అయినా వణుకు ఆగలేదు. అది చలి వణుకు కాదు. గట్టు మీద ఉన్నంతకాలం నేను పరిగెత్తి ఎవరినైనా పిలవగలను. ఇక్కడ చుట్టూ నీళ్లే, మనిషి పక్కకు ఒరిగితే చాలు. ఊజీ వెనుక కొసన తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు. మా నాన్న మధ్యన, ఎడమచేతిలో గాలపు దారంతో కూర్చున్నాడు. నేను ముందు వైపున, ఆయనను ఆనుకుని కూర్చున్నాను.

చలికాలపు వాలుగ సంగతి ఊజీ మాకు మెల్లగా చెప్పాడు. చలికి అది అడుగున, లోతైన గుంటల్లో మగతగా పడి ఉంటుందట. ఎర వెంట పరుగెత్తదట. నోటి ముందుకు వస్తే అందుకుంటుంది గానీ వెంటనే మింగదు. నోట కరుచుకుని కొంత దూరం పోయి, అప్పుడు మింగుతుంది. అంతవరకు దారం వదులుతూ ఉండాలి.

ఇది మా వాళ్లకు తలకెక్కని విద్య. సముద్రంలో గాలానికి చేప తగిలిందంటే రెండు చేతులా గుంజి పడవలో వేసుకోవాలి. ఆలస్యం చేస్తే మధ్యలో సొరచేప వచ్చి తినేసి తలకాయ మాత్రం మిగులుస్తుంది. మా నాన్నకు చిన్ననాటి నుంచి ఒంట్లో జీర్ణించుకుపోయిన అలవాటు అది. అందుకే దారం మొదటిసారి కదలగానే, ఆయన ఎడమ భుజం ఒక్కసారిగా ఎగిరింది. బలమంతా పెట్టి గుంజాడు. పైకి వచ్చింది ఎర చేప మాత్రమే, దాని వీపు మీద పళ్ల గాట్లతో.

ఊజీ నవ్వాడు. "ఓ సముద్రపాయనా, ఇక్కడ సొర లేదు. నీ సేపని ఎవడెత్తుకుపోతాడు?"

మా నాన్న ముఖం మాడిపోయింది. "నా వల్ల కాదన్నాను గదా," అన్నాడు. ఊజీ ఇంకొక ఎర చేపను గుచ్చి, దారాన్ని మళ్లీ ఆ ఎడమచేతిలోనే పెట్టాడు. ఓదార్పు మాట ఒక్కటి కూడా అనలేదు. బంధువులలో ఒక్కరికైనా ఆ మౌనం చేతనయి ఉంటే ఎంత బాగుండేది అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను.

మంచు కొద్దిగా పలచబడే వేళకు దారం మళ్లీ కదిలింది. ఈసారి మా నాన్న గుంజలేదు. "ఇయ్యి," అన్నాడు ఊజీ. మా నాన్న వేళ్ల మధ్య నుంచి దారం జారుతూ పోయింది. "ఇంకా ఇయ్యి." దారం పడవ కింది నుంచి రెండో వైపుకు తిరిగింది. దాని వెంట మా నాన్న లేచాడు. పడవ అంచు మీదకు వంగాడు. ఇంకా వంగాడు. పడవ ఒరిగి నీళ్లు అంచుదాకా వచ్చాయి.

ఆయన చేప కోసం వంగుతున్నాడో, మరి దేనికోసం వంగుతున్నాడో నాకు తెలియలేదు. రెండు చేతులా ఆయన పంచెను నడుము దగ్గర పట్టుకుని వెనక్కి పడ్డాను.

"ఒగ్గు, గుంటా," అన్నాడు.

"ఒగ్గను."

"ఒగ్గమంటన్నాను గదా."

"ఒగ్గను, నానా. అమ్మ ఒగ్గొద్దంది."

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. కాలువ గట్టున గడిచిన ఉదయాలన్నీ, ఆ గచ్చకాయలన్నీ ఆయనకు ఆ ఒక్క చూపులో అర్థమైపోయాయని నా నమ్మకం. దారం ఇంకా జారుతూనే ఉంది. ఊజీ తెడ్డును నీళ్లలో గుచ్చి పడవను నిలబెట్టాడు తప్ప లేవలేదు, చెయ్యి సాచలేదు.

"అయితే ఆ సేతులు పంచె మీద కాదే, దారం మీదెయ్యి," అన్నాడు మా నాన్న. "నాకొక సెయ్యి తక్కువైంది."

పంచెను వదలడం నా చిన్న జీవితంలో అప్పటికి అన్నిటికన్నా కష్టమైన పని. ఒక్కొక్క వేలే విప్పి, ఆయన చేతి వెనుక దారాన్ని పట్టుకున్నాను. ఆయన గుంజినంత దారాన్ని, ఆయన మళ్లీ పట్టు మార్చుకునే దాకా నేను బిగించి పట్టాలి. అదే నా పని. ఆయన గుంజాడు, నేను పట్టాను. చేప తిరగబడితే ఇద్దరం కలిసి వదిలాం. అరచేతులు తెగి మండాయి. ఎంతసేపు అలా సాగిందో చెప్పలేను. చివరకు పొగమంచులోంచి ఒక పెద్ద నోరు పైకి లేచింది. నా తల పట్టేంత నోరు. అప్పుడు మాత్రం ఊజీ వచ్చి దవడ కింద కొక్కెం వేసి పడవలోకి లాగాడు.

దానిని వెదురుకు కట్టి, ఒక కొస ఊజీ, ఇంకొక కొస మా నాన్న ఎడమ భుజాన మోసుకొచ్చారు. సందంతా బయటికి వచ్చింది. "ఏటిది, సేపా, పడవా?" అని ఎవరో ఎకసెక్కం చేశారు. మా అమ్మ చేప వైపు చూడలేదు. ఆయన ముఖం వైపే చూస్తూ గుమ్మంలో నిలబడింది. "ఆకలేస్తంది," అన్నాడు ఆయన. ఆమె గబగబా లోపలికి వెళ్లింది. కంచం తీసిన చప్పుడుకు ముందు ఏడుపు వినబడింది.

మా వాళ్లు చెప్పే కథ ఇక్కడితో ముగుస్తుంది. అసలైనది తరువాత జరిగింది. మర్నాడు నేను ఎప్పటిలాగే ఆయన వెనుక బయలుదేరితే, ఆయన సందు మలుపులో ఆగాడు. "ఎనకాల రానక్కర్లేదు గుంటా. పక్కన నడువు," అన్నాడు. నాలో నలుగుతున్న మాట అప్పుడు చెప్పేశాను: ఊజీకి కళ్లు బాగానే కనిపిస్తాయని, ఆయన అబద్ధం ఆడాడని.

"తెల్సు. అరుగు మీద అడిగినప్పుడే తెల్సు," అన్నాడు మా నాన్న. కొంత దూరం నడిచాక, "అయినా అడిగాడు గదా," అన్నాడు.

ఆ తరువాత ఆయన ఒక బియ్యపు మిల్లు గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. ఎడమచేత్తో బతకడం నేర్చుకోవడానికి చాలాకాలం పట్టింది. మధ్యలో మళ్లీ మాట్లాడటం మానేసిన రోజులు ఉన్నాయి, నేను నిద్రపట్టక ఆయన ఊపిరి వింటూ పడుకున్న రాత్రులు ఉన్నాయి. చేప ఏమీ నయం చేయలేదని అందుకే అంటున్నాను.

ఆ రోజు నుంచి నాకు ఒక పద్ధతి మిగిలింది. దెబ్బతిన్న ఇంటికి నేను ఓదార్పు పట్టుకుని వెళ్లను, ఏదో ఒకటి అడగడానికి వెళతాను. ఈ మధ్య మా పై అంతస్తులో ఒకావిడ భర్తను పోగొట్టుకుని, నెల గడిచినా తలుపు తీయలేదు. పరామర్శలన్నీ మెట్ల మీది నుంచే తిరిగిపోయాయి. నేను మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కి వెళ్లి, మా ఇంట్లో మంచం జరపాలి, ఒక్కదానివల్ల కావడం లేదు, కాస్త సాయం పట్టమని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. మంచం జరపవలసిన అవసరం లేదని గ్రహించే ఉంటుంది. అయినా కొంగు నడుముకు దోపుకుని నా వెంట మెట్లు దిగి వచ్చి, మంచం రెండో కొస పట్టుకుంది.