పప్పుశనగ చేను పులుపు

నంద్యాల బస్టాండు బయట పచ్చి శనగ కట్ట కొన్నాను. కాయలు ఒలుస్తూ వేలు నాకితే పుల్లగా తగిలింది.

నాకు ఏడేళ్ళప్పుడు ఆళ్ళగడ్డ దగ్గర మాకు పప్పుశనగ చేను ఉండేది. తెల్లారకముందే అవ్వ చెట్ల మీద పాత పంచె పరిచేది. మంచుతో పాటు ఆకుల మీది పులుపు గుడ్డకు పట్టేది. దాన్ని సీసాలోకి పిండి, కడుపునొప్పికి మందుగా దాచేది.

"చెట్టుకు పులుపెందుకవ్వా?"

"పురుగు ముట్టకుండా దేవుడు పూసినాడు."

ఆ ఏడాది గట్టు పక్క మూడు సాళ్ళలో గుడ్డ పరిచింది నేనే. వారానికల్లా ఆ సాళ్ళలో కాయలకు బొక్కలు పడ్డాయి. లోపల పచ్చపురుగులు. నాయన ఒక్కొక్క కాయే విప్పి చూశాడు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు చెప్పేశాను.

"నాయనా, పులుపంతా నేనే తుడిచేసినా. అందుకే పురుగొచ్చింది."

నాయన నన్ను చేను అవతలి చివరకు తీసుకుపోయాడు. అక్కడ మేమెవరం గుడ్డ పరవలేదు. అయినా కాయల నిండా బొక్కలే.

"ఈడ ఎవురు తుడిచినారప్పా? ఈ పురుక్కు పులుపంటే లెక్కల్యా. చింతకాయలు నువ్వెట్ల తింటావో, ఇదీ అంతే."

ఆ పులుపు చాలా పురుగులను దూరం పెడుతుందనీ, పచ్చపురుగు మాత్రం తరతరాలుగా దానికి అలవాటు పడిందనీ కాలేజీలో చదువుకున్నాను. సగం పంట పోయిన ఆ రోజు, తప్పు నాది కాదని చూపించడానికి నాయన అంత దూరం నడిచాడని మాత్రం ఈమధ్యే తోచింది.