తెల్ల తెరచాప కట్టని రోజు

నా చిన్నప్పుడు మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మంచు కురిసేది కాదు, ఆకాశం మొత్తం దిగబడేది. కారు ఎక్కడ పెట్టామో తెలుసుకోవడానికి మా నాన్న పార పుచ్చుకుని తవ్వకాలు జరిపేవారు. ఆ చలికాలం మన దేశం నుంచి మా దగ్గర ఉండడానికి వచ్చిన తాతయ్య, మా ఇంట్లో ఉన్న స్వెటర్లన్నీ ఒకదానిమీద ఒకటి తొడుక్కుని, మంకీ క్యాప్‌లోంచి కళ్లు మాత్రం బయటపెట్టి తిరిగేవారు. ఆయన్ని చూస్తే పక్కింటి కుక్క మొరగడం మానేసి ఆలోచనలో పడేది.

మంచుకి స్కూలు మూసేసిన ఒక రోజు, అమ్మ ఊలు ఉండని తాతయ్య సోఫా కాళ్లకీ కుర్చీ కాళ్లకీ చుట్టి, హాలంతా చిక్కుదారి చేసి, నాకు గ్రీకువీరుడు థీసియస్ కథ చెప్పారు. ఆ దారి నడిమధ్య మనుషుల్ని తినే ఎద్దుతల రాక్షసుడు. తాతయ్య నోట్లో పడేసరికి అది ఒంగోలు గిత్త అయిపోయింది, మూపురంతో సహా. వీరుడు దాన్ని చంపి, లోపలికెళ్తూ విప్పుకుంటూ పోయిన దారం పట్టుకుని బయటపడ్డాడు. ప్రాణాలతో వస్తుంటే ఓడకి తెల్ల తెరచాప కడతానని తండ్రికి మాటిచ్చి వెళ్లినవాడు, గెలిచిన సంబరంలో ఆ మాటే మర్చిపోయాడు. కొండమీద ఎదురుచూస్తున్న ఆ తండ్రికి, ముసలి రాజుకి, వెళ్లేటప్పుడు కట్టిన నల్ల తెరచాపే కనిపించింది. సముద్రంలోకి దూకేశాడు.

“ఆ కింగ్ సిల్లీ తాతయ్యా. కొంచెం వెయిట్ చేస్తే సరిపోయేది కదా,” అన్నాను.

“అన్నాళ్లూ వెయిటింగే కదమ్మా ఆయన చేసింది,” అన్నారు.

ఆ తెల్లవారుజామునే, మంచు మొదలవకముందే, నాన్న ఇంటర్వ్యూకని, అయిదు గంటల దూరంలో ఉన్న షామ్‌బర్గ్‌కి కార్లో బయల్దేరారు. అప్పట్లో మా ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఎవరు ఎక్కడికి వెళ్లినా, చేరగానే ఇంటికి ఫోన్ చేసి, రెండు రింగులయ్యాక పెట్టేయాలి. ఎవరూ ఎత్తకూడదు, ఎత్తితే బిల్లు. ఆ రెండు రింగులు వినిపిస్తే మనిషి క్షేమంగా చేరినట్టు.

మధ్యాహ్నం దాటింది. ఫోన్ మోగలేదు. టీవీలో హైవే పొడవునా కార్లు బొమ్మల్లా తిరగబడి ఉన్నాయి. అమ్మ టీవీ ఆపేసింది. తాతయ్య కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డారు.

“కూర్చోండి మావయ్యగారూ.”

“కూర్చుంటే రోడ్డు కనబడదమ్మా.”

షామ్‌బర్గ్ రోడ్డు మా కిటికీలోంచి ఎలా కనబడుతుందని అమ్మ అడగలేదు. చీకటి పడుతున్నా ఆయన నుదురు గాజుకి ఆనించి అలాగే ఉన్నారు. ఆయనకీ నాకూ మధ్య ఆ ఊలు చిక్కుదారి. దాటి వెళ్లడానికి నాకు భయమేసింది. ఆ ఎద్దు మా హాల్లోనే ఎక్కడో నిలబడి ఊపిరి పీలుస్తున్నట్టనిపించింది.

అప్పుడు మోగింది. ఒక రింగు. ఇంకొకటి. మూడోది రాలేదు.

అమ్మ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది.

“తెల్లదేనా తాతయ్యా?” అని అడిగాను.

“తెల్లదే. కట్టడం ఆలస్యమైందంతే,” అంటూ ఆయన ఇటు తిరిగారు. ఆయన వెనక గాజుమీద నుదురంత గుండ్రటి మచ్చ మిగిలింది.

మర్నాడు నాన్న ఉద్యోగం సంపాదించుకుని ఈల వేసుకుంటూ వచ్చారు. “వాళ్లు లంచ్‌కి తీసుకెళ్లారు నాన్నా, ఆ హడావిడిలో మర్చేపోయా,” అన్నారు. తాతయ్య కోప్పడలేదు. కొడుకుని ఎగాదిగా చూసి, “ఇప్పుడేమైనా తిన్నావా?” అని మాత్రం అడిగారు.

తాతయ్య పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ నేను ఎక్కడికి చేరినా షూస్ విప్పకముందే ఇంటికి ఫోన్ చేస్తాను. ఇప్పుడు జెర్సీ సిటీలో, మేఘాలకి తల తగిలే మా అపార్ట్‌మెంట్‌లో, మా అమ్మాయి ట్రైన్ దిగే వేళకి కిటికీ దగ్గరికి చేరతాను. “మామ్, ఫోన్ మ్యాప్‌లో నా డాట్ కనబడుతోంది కదా,” అంటుంది. కనబడుతుంది. అయినా నుదురు గాజుకి ఆనిస్తాను. ఆ చల్లదనంలో పక్కనే ఇంకో నుదురు ఆనినట్టుంటుంది. కాస్త జరిగి, ఆయనకి చోటిస్తాను.